మాట ఒకటి - వస్తువులు అనేకము

కుంచములతోను, తూములతోను ధాన్యము కొలిచిన దినములలో కల్లములో నిలిచిన రైతు "తూము తేరా" అని కేక వేసినచో కుమారుడు కొలపాత్రను తెచ్చెడివాడు. అదే రైతు మరియొకనాడు "తూము తీయరా" అన్నచో అదే కుమారుడు చెరువుకట్ట మీదికి పోయి మడులకు నీరు వదలెడివాడు. ధాన్యము కొలుచు పాత్రకును, చెరువు నీరు వెలుపలికి పోవు మార్గమునకును పేరు ఒకటియే. అయినను ఆ తండ్రికొడుకుల నడుమ పొరపాటు వచ్చెడిది కాదు. మాటతోపాటు చూచుటకు చోటున్నది, చేయుటకు పని యున్నది. అప్పటికిని అనుమానము తీరనిచో "ఏ తూము నాయనా?" అని అడుగుటకు ఎదుట మనిషి యున్నాడు.

ఇట్టి మాటలు మన పల్లెలలో కొల్లలు. అవి పండితులు కూర్చుండి కల్పించినవి కావు. నేల, నీరు, గింజ, పశువు, వీనితో దినమెల్ల పని చేయువారు తమకు దగ్గరగా నున్న మాటనే తీసికొని దానికి కొత్త కొత్త పనులు అప్పగించిరి. పుట్టి అనగా 20 తూముల ధాన్యము. కృష్ణా, తుంగభద్రా తీరములందలి జాలరులకు పుట్టి అనగా వెదురుబద్దలతో అల్లిన గుండ్రని పడవ. పుట్టెడు గింజలు చల్లుటకు పట్టు నేలను పుట్టెడు నేల అనుటయు పూర్వము వాడుకలో నుండెను. 1956లో పార్లమెంటు తూనికలు, కొలతల చట్టమును చేసి, 1958 అక్టోబరు నుండి దశలవారీగా మెట్రిక్ పద్ధతిని ప్రవేశపెట్టిన పిమ్మట పుట్టియు, తూమును బజారు నుండి క్రమముగా నిష్క్రమించినవి. కాని మాట అంత సులభముగా పోవునది కాదు. ధాన్యము నేడు క్వింటాళ్ళలో తూగుచున్నది. దుఃఖము మాత్రము నేటికిని పుట్టెడే, ఆశ నేటికిని గంపెడే. దుఃఖమును కిలోలలో చెప్పుకొనువారిని మేమింతవరకు చూడలేదు.

"మావాడికి పట్టా వచ్చిందండీ" అని ఒక తండ్రి సంతోషముతో చెప్పినచో అది భూమి హక్కు పత్రమో, కళాశాల చదువు ముగిసినదను పత్రమో ఆయన ముఖము చూచి చెప్పలేము. రైలు నడచునది పట్టాల మీద. మబ్బు పట్టినప్పుడు ధాన్యపు రాశి మీద పరుగున కప్పునదియు పట్టాయే. దీనికి ఎదురుగా, ఒకే వస్తువునకు ప్రాంతమునకొక పేరుండుటయు కలదు. ఇతర జిల్లాలవారు నాగలి అనుదానిని రాయలసీమ రైతు మడక అనును. ఈ మాటలన్నిటిని వృత్తుల వారీగా సేకరించి గ్రంథస్థము చేయు పనిని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ చేపట్టినది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశము తొలి సంపుటము పూర్తిగా వ్యవసాయపు మాటలకే కేటాయింపబడినది. 1971 నాటి రెండవ సంపుటము చేనేత పనివారి మాటలది. పల్లె గ్రంథాలయములలో నుండదగిన పుస్తకములలో ఇవి ముఖ్యమైనవని మా అభిప్రాయము.

మాట నోటి నుండి నోటికి పోవునంతకాలము చిక్కు లేదు. అది కాగితము మీదికి ఎక్కినప్పుడు, లేదా సీసా మీదికి ఎక్కినప్పుడు చిక్కు ప్రారంభమగును. ఏలయనగా కాగితమును "ఏ తూము?" అని అడుగజాలము. వ్రాసినవాడు అప్పటికి ఊరిలో నుండకపోవచ్చును, బ్రతికియు నుండకపోవచ్చును.

గుంట అను మాటను చూడుడు. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో గుంట అనగా ఆడపిల్ల, గుంటడు అనగా మగపిల్లవాడు. మిక్కిలి చోట్ల గుంట అనగా గొయ్యి. తెలంగాణలో ఇవి గాక గుంట అనగా భూమి కొలత, ఎకరములో 40వ వంతు, 121 చదరపు గజములు. ఆంధ్ర జిల్లాలలో ఎకరమును 40 భాగములుగా గాక 100 భాగములుగా చేసి ఒక్కొక్క భాగమును సెంటు అందురు, అది 48.4 చదరపు గజములు. (బట్టలకు పూసుకొను సెంటు వేరు. దానిని ఎంత పూసుకొన్నను భూమి పెరుగదు.) 1956లో ఈ ప్రాంతములు ఒకే రాష్ట్రమైనవి, 2014లో రెండు రాష్ట్రములైనవి, గుంటయు, సెంటును మాత్రము ఎక్కడివక్కడనే నిలిచినవి. అందువలన ఖమ్మము జిల్లా కాగితములో "1-20" అని యున్నచో అది ఒక ఎకరము 20 గుంటలు, అనగా ఎకరమున్నర. కృష్ణానది దిగువ జిల్లాల కాగితములో అదే "1-20" ఒక ఎకరము 20 సెంట్లు మాత్రమే. రెండింటికి నడుమ భేదము 30 సెంట్లు, అనగా 1,452 చదరపు గజములు. సరిహద్దు మండలములలో అటువారు ఇటు, ఇటువారు అటు భూములు కొనుట సామాన్యమైన విషయము. అంకె ప్రక్కన గుంటలో, సెంట్లో అక్షరములలో వ్రాయించుకొనుటకు సిరా ఎక్కువ పట్టదు.

బస్తా సంగతియు ఇట్టిదే. బస్తా అనగా గోనెసంచి. బస్తా అనగా ఆ సంచిలో పట్టు సరుకు. బస్తా అనగా ఒక తూకము కూడ. గోదావరి, కృష్ణా డెల్టాలలో ధాన్యపు బస్తా అన్నచో సాధారణముగా 75 కిలోలు. తెలంగాణ కొనుగోలు కేంద్రములలో సంచికి 40 కిలోలు. సిమెంటు బస్తా 50 కిలోలు. యూరియా బస్తా 2018 వరకు 50 కిలోలుగా నుండి, ఆ సంవత్సరము నుండి 45 కిలోలైనది. "ఎకరాకొక బస్తా" అని అలవాటుగా చల్లు రైతు పూర్వము చల్లిన దానికంటె 5 కిలోలు తక్కువ చల్లుచున్నాడు. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్ళు గనుక, నేలకు అందు నత్రజనిలో తగ్గుదల సుమారు 2 కిలోల 300 గ్రాములు. ఇది మేలో, కీడో నేలను పరీక్ష చేయించినగాని తెలియదు. కౌలు విషయములో మాత్రము లెక్క స్పష్టము. "ఎకరమునకు 20 బస్తాలు" అని వ్రాసిన కాగితము 75 కిలోల బస్తా అయినచో 15 క్వింటాళ్ళను, 40 కిలోల సంచి అయినచో 8 క్వింటాళ్ళను కోరును. నడుమ నున్న 7 క్వింటాళ్ళు కౌలురైతు ఇంటి బియ్యము.

పాలు అనగా గేదె ఇచ్చునది. పాలు అనగా వాటా. ఆస్తిలో వాటా కలవారు గనుకనే దాయాదులను పాలివారు అందురు. "కడవ జారి పాలు నేలపాలైనవి" అను వాక్యములో మొదటి పాలలో వెన్న కలదు, రెండవ పాలలో లేదు. ఇంతవరకు వేడుకయే. కాని "పంటలో సగపాలు" అను ఒప్పందములో పంట అనగా గింజలా, గడ్డి కూడనా? కోతకూలి, నూర్పిడి యంత్రపు బాడుగ తీసివేసిన పిమ్మట మిగిలిన దానిలో సగమా, అంతకు ముందటి రాశిలో సగమా? వరిగడ్డి లెక్కించదగిన వస్తువు కాదని తలంచువారి ఇండ్లలో పశువులు లేవని గ్రహింపవలెను. ఈ నాలుగు ముక్కలు విత్తనము నాడే మాటలాడుకొన్న ఇరువురును కోతనాడు గూడ ఒకరినొకరు మామా, అల్లుడా అని పిలుచుకొనగలరు.

ఇక ఎరువు అను మాట కలదు. ఎరువు అనగా చేనికి వేయునది. పెండ్లికి పొరుగింటినుండి అడిగి తెచ్చుకొన్న నగకు కూడ ఎరువు అనియే పేరు. మరల ఇచ్చివేయవలసిన సొత్తు అది. నేలనుండి తీసికొన్న దానిని నేలకు మరల ఇచ్చుటయే ఎరువు అని ఎవరైనను వ్యాఖ్యానింపవచ్చును. మేము అంత దూరము పోము. మేము చెప్పదలచినది వేరు. పెంటకుప్పనుండి తోలు దానిని మాత్రమే ఎరువు అనుచు, సంచిలో వచ్చు రసాయనిక ఎరువును మందు అని పిలుచు గ్రామములు మన రెండు రాష్ట్రములలోను అనేకము కలవు. ఇక్కడనుండి మందు అను మాట కథ ప్రారంభమగుచున్నది. ఈ వ్యాసములో మిగిలిన మాటలన్నియు ఒక యెత్తు, ఈ మాట ఒక యెత్తు. తక్కిన వానివలన ధనము నష్టము, దీనివలన ప్రాణము.

మందు అనగా మొదట రోగమును మాన్పునది. కన్నడిగులు దీనినే మద్దు అందురు, తమిళులు మరుందు అందురు. కనుక ఇది మిక్కిలి పాత మాట. తుపాకిలో కూరునది మందు. దీపావళికి కాల్చునది మందుగుండు. నేలలో పాతిపెట్టి పేల్చునది మందుపాతర. ఒకరిని వశపరచుకొనుటకు అన్నములో మందు పెట్టుదురని పూర్వము జనుల నమ్మకము. శస్త్రచికిత్సకు ముందు వైద్యుడు ఇచ్చునది మత్తుమందు. పోలీసువారు పట్టుకొని పత్రికలవారికి చూపునదియు మత్తుమందే. ఒక వస్తువు బొత్తిగా లేనప్పుడు "మందుకైనా లేదు" అందుము. అనగా మందులో వేయునంత కొంచెమైనను లేదని. ఇవి చాలవన్నట్లు ఇటీవలి దశాబ్దములలో సారాయి, బ్రాందీలకు కూడ ఈ పేరు తగిలినది. వారు తాగు మందు ఏ రోగమును మాన్పునో వారే చెప్పవలెను.

వీటన్నిటిని మన జనులు ఎట్లు వేరుపరచుచున్నారో గమనింపుడు. పని చెప్పు క్రియతో వేరుపరచుచున్నారు. మందు చల్లుట అనగా చేనిలో యూరియా చల్లుట. మందు పెట్టుట అనగా ఎలుకలకు ఎర పెట్టుట. మందు వేసికొనుట అనగా రోగి మాత్ర మింగుట. మందు కొట్టుట అనగా యంత్రము వీపున తగిలించుకొని చేనికి పిచికారీ చేయుట, కాని అదే మాట పట్టణపు కుర్రవాడు అన్నచో అర్థము సారాదుకాణము వైపు తిరుగును. కలుపు మందు మరియొక చిత్రము. కలుపు అనగా చేనిలో మొలచు పనికిరాని మొక్క; కలుపు అనగా మిళితము చేయుమని ఆజ్ఞ. గట్టు మీద నిలిచి "కలుపు మందు" అని కేక వేసినచో పీపా దగ్గర నున్న కూలివాడు కలుపు మందు అను సీసాను విప్పవలెనా, చేతిలో నున్న మందును నీటిలో కలుపవలెనా? పత్తి చేనిలో ఈ సందేహము ఖరీదైనది. జొన్నకు, వరికి వాడు 2,4-డి అను కలుపు మందు పత్తిమొక్కకు ఏమాత్రము పడదు. దానిని పిచికారీ చేసిన యంత్రమును సరిగా కడుగక పత్తికి పురుగుమందు కొట్టినను, యంత్రములో మిగిలిన కొద్దిపాటి మందుకే ఆకులు ముడుచుకొని వికృతమగును. కలుపు మందుకు వేరు యంత్రమును ఉంచుకొని, దానిమీద రంగుతో పెద్ద గీత గీచుకొనుట మేలు.

చేనిలో నుండి ఇంటికి వచ్చుదము. వాడగా మిగిలిన పురుగుమందును చిన్న సీసాలో పోసి గూటిలో నుంచుట అనేక గృహములలో అలవాటు. ఆ చిన్న సీసా తరచుగా ఖాళీ అయిన దగ్గుమందు సీసాయో, సారాసీసాయో అయియుండును. రాత్రివేళ ముసలమ్మకు దగ్గు వచ్చును. "ఒరే బుజ్జీ, గూట్లో మందుంది, పట్రా" అని మనుమని పంపును. ఆమె చెప్పిన మాటలో తప్పు లేదు. మనుమడు తెచ్చిన సీసాలో నున్నదియు మందే. తూము విషయములో తండ్రికొడుకులకు తోడ్పడిన వెలుతురు, పని, చోటు ఇక్కడ లేవు. చీకటి యున్నది, ఒకే గూడు ఉన్నది, రెండు సీసాలకు ఒకే పేరున్నది.

పాత్ర మారుటవలన కలుగు అనర్థము ఎంతవరకు పోవునో బీహారు రాష్ట్రమున 2013 జూలైలో లోకమునకు తెలిసినది. సారణ్ జిల్లా గండామన్ గ్రామపు ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనము చేసిన పిల్లలలో 23 మంది మరణించిరి. వంటకు వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు ఉన్నట్లు పరీక్షలలో తేలినది. హిందీలో కూడ రోగికి ఇచ్చునదియు దవాయే, పురుగులకు కొట్టునదియు దవాయే. మందు ఏ డబ్బాలో వచ్చినదో ఆ డబ్బాలోనే ఉండవలెను. ఖాళీ అయిన డబ్బాలో నూనె గాని, నీరు గాని, పప్పు గాని పోయరాదు. దానికి రంధ్రములు పొడిచి మరల వాడుటకు వీలులేకుండ చేయవలెను.

డబ్బా మీద పేరు చదువలేని వారి కొరకు రంగుల గుర్తు కలదు. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టము క్రింద 1971లో చేసిన నియమములు ఈ గుర్తును నిర్ణయించినవి. మూల మీద నిలిపిన చతురస్రము. దాని క్రింది సగములో రంగు. ఎరుపు అత్యంత తీవ్రమైన విషము, దీనికి పై సగమున పుర్రె, ఎముకల బొమ్మ కూడ నుండును. దాని తరువాతది పసుపు, అదియు తీవ్ర విషమే. పిమ్మట నీలము. అన్నిటికంటె తక్కువ విషము ఆకుపచ్చ. ఆకుపచ్చ అనగా విషము లేదని కాదు, తక్కిన మూడింటికంటె తక్కువ అని మాత్రమే.

ఈ ఏర్పాటు చక్కనిదే గాని తెలుగువారికి ఒక ఇబ్బంది కలదు. మనకు పచ్చ అను మాట ఒకటే, రంగులు రెండు. పచ్చగడ్డి పచ్చ వేరు, పచ్చకామెర్ల పచ్చ వేరు. పసుపు పూసుకొన్న పాదములను పచ్చని పాదములు అందుము. చిగిర్చిన చేనును పచ్చని చేను అందుము. నిత్యజీవితమున దీనివలన హాని లేదు. కాని దుకాణదారు "పచ్చ గుర్తు మందు, భయం లేదు" అన్నచో అతడు చెప్పిన పచ్చ నాలుగు తరగతులలో చివరిదియు కావచ్చును, రెండవదియు కావచ్చును. ముఖమునకు గుడ్డ కట్టుకొనక, చేతులకు తొడుగులు లేక ఆ మందును కలుపువాని విషయములో ఈ రెండింటి భేదము చిన్నది కాదు. అందుచేత మందు డబ్బా దగ్గర పచ్చ అను మాటను ఒంటరిగా పలుకరాదు. ఆకుపచ్చ అనవలెను, లేదా పసుపుపచ్చ అనవలెను. ముందున్న ఆ చిన్న మాట మన భాషలో సిద్ధముగనే యున్నది. గుర్తును కంటితో చూచి కొనుట మరియు మంచిది. డబ్బా మీది అక్షరములు పత్తిగింజలోని పురుగుకంటె సన్నముగా ముద్రింపబడుచున్నవని రైతులు చేయు ఫిర్యాదు న్యాయమైనది. గుర్తు మాత్రము కనబడును.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఎవరైనను పొరపాటున విషపు మందు మింగినచో, లేక పిచికారీ చేయుచు కన్నులు తిరిగి పడిపోయినచో, ఆసుపత్రిలో వైద్యుడు అడుగు మొదటి ప్రశ్న "ఏ మందు?" అనునదియే. "పురుగుమందండీ" అను సమాధానము ఆయనకు చాలదు. మోనోక్రోటోఫాస్ వంటి మందులకు అట్రోపిన్ అను విరుగుడు ఇత్తురు. పారాక్వాట్ అను కలుపు మందుకు ప్రత్యేకమైన విరుగుడే లేదు, దానికి చేయు చికిత్స వేరు. పేరు తెలియనిచో లక్షణములను బట్టి ఊహింపవలెను. ఊహించుటకు పట్టు నిమిషములు రోగివి. కనుక 108కి కబురు చేసి, మందు పడిన బట్టలు తీసివేసి, ఒంటిని సబ్బునీటితో కడుగుడు. ఉప్పునీరు త్రాగించి బలవంతముగా వాంతి చేయింపకుడు; స్పృహ లేనివానికి నోట ఏమియు పోయకుడు. వాహనమెక్కునప్పుడు రోగితోపాటు ఆ డబ్బాను కూడ సంచిలో వేసికొని పోవలెను. విషపు లక్షణములు, విరుగుడు దానిమీదను, దానితో వచ్చు కరపత్రములోను ముద్రింపబడి యుండును. డబ్బా దొరకనిచో కొన్న నాటి రశీదైనను తీసికొని పోవలెను. "మందు - 1" అని వ్రాసిన రశీదు ఇందుకు పనికిరాదు; కొన్ననాడే మందు పూర్తి పేరు, బ్యాచి నంబరు వ్రాయించి తీసికొనవలెను.